లిఫ్టు దాకా వెళ్ళిన బేరం

కువైట్‌లో నేను చేసే పనేమిటని ఊరి నుంచి ఎవరైనా ఫోన్‌లో అడిగితే, "డాక్టర్లను అమ్ముతా" అని చెప్పేదాన్ని. అవతలివాళ్ళు "ఏందీ?" అని మళ్ళీ అడిగేవాళ్ళు. మా చిన్నాయన ఒక్కడే వెంటనే "మంచి ధర వస్తాందా?" అని అడిగాడు. అంగళ్ళ వీధిలో పుట్టినవాళ్ళకు సరుకు ఏదైనా ముందు తోచే ప్రశ్న అదే.

నేను చెప్పింది మరీ అబద్ధమూ కాదు. ఫర్వానియాలో ఒక చిన్న క్లినిక్కులో ఇన్సూరెన్స్ డెస్క్ నాది. ఒక డాక్టరు ప్రభుత్వ లైసెన్సు సంపాదించుకుని, తెల్లకోటు తొడుక్కుని గదిలో కూర్చున్నంత మాత్రాన ఇక్కడ పేషెంట్లు వచ్చేయరు. కంపెనీల్లో పనిచేసేవాళ్ళలో చాలామంది దగ్గర ఇన్సూరెన్స్ కార్డు ఉంటుంది. ఆ కార్డు మీద పేషెంటును చూడాలంటే ఆ ఇన్సూరెన్స్ కంపెనీ డాక్టరు చదువూ, అనుభవమూ, లైసెన్సూ అన్నీ పరీక్షించి తన ప్యానెల్లో పేరు ఎక్కించుకోవాలి. ఒక్కో కంపెనీది ఒక్కో ప్యానెల్. అందులో పేరెక్కేదాకా ఎంత మంచి డాక్టరైనా ఏజెన్సీ దొరకని అంగడితో సమానం. బోర్డు ఉంటుంది, లోపల లైటు వెలుగుతుంటుంది, బోణీ మాత్రం ఉండదు.

ఆ పేరు ఎక్కించే పని నాకెట్లా వచ్చిందంటే, నేను మొదట రిసెప్షన్‌లో ఉండేదాన్ని. ఒకసారి ఒక పేషెంటు బిల్లును కంపెనీవాళ్ళు తిప్పి పంపితే, వాళ్ళు ఒప్పుకునేదాకా ఫోన్ పెట్టలేదు. అవతలి మనిషి చివరికి "సిస్టర్, దయచేసి నన్ను భోజనానికి పోనివ్వండి" అన్నాడు. అది విన్న మా మేనేజరు మర్నాడే నన్ను వెనక గదిలోకి మార్చాడు. ఆయన కేరళ మనిషి. మెచ్చుకోవడం చేతకాదు, కుర్చీ మార్చడం చేతనవును.

మా నాయనది ప్రొద్దుటూరులో స్టీలు సామాన్ల అంగడి. నేను పెరిగింది గల్లాపెట్టె పక్కన. మాకు బేరం నేర్పింది మాత్రం నాయన కాదు, జేజి. మా నాయన తల్లి. గడప పక్కన స్టూలు మీద కూర్చుని వచ్చేవాళ్ళ ముఖాలు కాదు, పాదాలు చూసేది. "నోటితో సగం అడగల్ల, కాళ్ళతో సగం అడగల్ల" అనేది. ధర నచ్చకపోతే లేచి నడవాలి. మెల్లగా నడవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. అంగడివాడికి అమ్మాలని ఉంటే మెట్టు దిగేలోపల "రాండమ్మా, రాండి, యాడికి పోతారు" అని పిలుస్తాడు. పిలిచాడంటే ధర మనది. ఇంకొకటి, టీ. "వాడు టీ తెప్పిచ్చినాడంటే నిన్ను వదిలేది లేదని అర్థం. తాగు, తాగి లెయ్" అనేది జేజి.

ఈ విద్యతో నేను కువైట్‌లో చేయని ఆగడం లేదు. ధరలు అచ్చేసి ఉండే జమియాలో, అదే ఇక్కడి సహకార సూపర్ మార్కెట్లో, బేరమాడి కరివేపాకు కట్ట ఉచితంగా తెచ్చుకున్నాను. మావారు షువైఖ్‌లో బండ్ల విడిభాగాల కొట్టులో పనిచేస్తారు. నాతో బజారుకు వచ్చినప్పుడు పది అడుగులు వెనక నడుస్తారు. "నువ్వు బేరమాడేంతసేపూ నేను నీ మొగుణ్ణి కాదు, టాక్సీ డ్రైవర్ని" అంటారు.

అట్లాంటి నా బల్ల ముందుకు ఒక పొద్దున కోనసీమ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి కూర్చుంది.

ఆమె ఫ్యామిలీ డాక్టరు. మొత్తం ఇంటిల్లిపాదినీ, తల నుంచి కాలి వేలి దాకా, ఒక్కరే చూసే డాక్టరన్నమాట. ఇక్కడి లైసెన్సు పరీక్ష ఒకసారి తప్పి, రెండోసారి గెలిచి వచ్చింది. సర్టిఫికెట్లన్నీ పాత చీర ముక్కలో చుట్టి తెచ్చుకుంది.

"ఫైలు కొనలేదా డాక్టరమ్మా?" అన్నాను.

"ఫైలైతే నలుగుద్దండి. చీరైతే ఎక్కడికైనా వచ్చేస్తది" అంది.

ఆ మాటతో నాకు నచ్చేసింది. ఇబ్బందల్లా మేనేజరుకు నచ్చడమే. ఆమె ఒక పేషెంటును లోపలికి పిలిస్తే తలుపు తెరుచుకునేసరికి బయట టీ చల్లారిపోయేది. తలనొప్పి అని వచ్చినవాణ్ణి ఎన్ని గంటలకు పడుకుంటావు, గదిలో ఎంతమంది, వంట ఎవరు చేస్తారు, ఇంటికి ఫోన్ చేస్తే ఏమంటున్నారు, ఇవన్నీ అడిగేది. పోనీ అడిగితే అడిగింది, చెప్పిన జవాబులు గుర్తుపెట్టుకునేది. మళ్ళీ వచ్చినప్పుడు "మీ గదిలో ఆ గురక పెట్టే ఆయన మారేడా?" అని పలకరించేది. ఆ పేషెంటు ముఖం వెలిగిపోయేది.

కానీ అట్లా వచ్చేవాళ్ళందరూ చేతి డబ్బుతో వచ్చే కొద్దిమంది. చిన్న ఇన్సూరెన్స్ కంపెనీలు రెండు ఆమె పేరు ఎక్కించుకున్నాయి. వాటి కార్డులున్నవాళ్ళు మా వైపు తక్కువ. దజీజ్ గోడౌన్లలోనూ షువైఖ్ గ్యారేజీల్లోనూ ఎవరి జేబు చూసినా ఉండేది ఒకే ఒక్క పెద్ద కంపెనీ కార్డు. ఆ పెద్ద కంపెనీకి నేను పంపిన దరఖాస్తు వెళ్ళిన చోటే కూర్చుంది. ఫోన్ చేస్తే "అండర్ ప్రాసెస్". మళ్ళీ చేస్తే "ఇన్షాల్లా".

ఒకరోజు మేనేజరు నన్ను పిలిచి తలుపు వేశాడు. "ఆమె ప్రొబేషన్ అయిపోవస్తోంది. పెద్ద కార్డు లేకుండా గది అద్దె కూడా రాదు. ఆలోపు పేరెక్కితే ఉంటుంది. ఎక్కకపోతే నేనేం చేయలేను."

ఏం చేయలేను అంటే ఏమిటో ఇక్కడ అందరికీ తెలుసు. ఉద్యోగం పోతే ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, పోతుంది. ఇఖామా పోతే మనిషి పోవాలి. అంత కష్టపడి పరీక్ష గెలిచి వచ్చిన మనిషి చీరముక్కలో సర్టిఫికెట్లు మళ్ళీ చుట్టుకోవడం నా కళ్ళ ముందు మెదిలింది.

"నేను పోయి మాట్లాడి వస్తా" అన్నాను.

"వాళ్ళు మాట్లాడరు. అన్నీ ఆన్‌లైనే" అన్నాడు.

"మనిషన్నాక మాట్లాడకుండా ఎట్ల ఉంటాడు సార్?"

పెద్ద కంపెనీ ఆఫీసు సిటీలో అద్దాల టవర్‌లో ఉంది. పొద్దున్నే, వాళ్ళు తలుపు తీసేసరికి గుమ్మంలో ఉన్నాను. బోణీ బేరాన్ని ఎవరూ వెనక్కి పంపరని నా నమ్మకం. డాక్టర్ల ప్యానెల్ చూసే మేనేజరు ఈజిప్టు ఆయన. టై, కళ్ళజోడు, బల్ల మీద చిన్న ఖర్జూరాల పెట్టె. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు గానీ కూర్చోమన్నాడు. వెంటనే గంట నొక్కి టీ తెప్పించాడు. "తఫద్దలీ, తీసుకోండి మదామ్" అని గ్లాసు నా వైపు జరిపాడు.

ఆ గ్లాసు చూడగానే నా లోపల జేజి లేచి కూర్చుంది. టీ తెప్పించాడు! అడగకుండానే తెప్పించాడు! ఇక వీడు నన్ను వదలడు.

ఆయన ఇంగ్లీషులో చాలా మర్యాదగా చెప్పాడు. "మీ ఏరియాలో జనరల్ డాక్టర్లు కావలసినంత మంది ఉన్నారు. ప్యానెల్ నిండిపోయింది."

"ఈమె జనరల్ కాదు సార్, ఫ్యామిలీ డాక్టరు. అదొక ప్రత్యేకమైన చదువు."

"మా సిస్టమ్‌లో రెండూ ఒకే గడి."

"గడి మార్చండి."

ఆయన నవ్వాడు. "ఒక పని చేయగలను. మీ క్లినిక్కులో ఇప్పటికే ఒక జనరల్ డాక్టరు ఉన్నారు కదా. ఆయన పేరు తీసేస్తే, ఆ చోటులో ఈమెను పెడతాను."

మా క్లినిక్కులో ఉన్న ఆ పెద్దాయన మంచివాడు. నా బీపీ చూసేది ఆయనే. ఒకరి కంచం లాగి ఇంకొకరికి పెట్టమంటున్నాడు ఈయన. నాకు కోపం వచ్చింది. కోపం కన్నా ఎక్కువగా, చెప్పొద్దూ, ఉత్సాహం వచ్చింది. ధర నచ్చలేదు. టీ తాగేశాను. ఇక మిగిలింది కాళ్ళతో అడగడమే.

"అయితే వద్దులెండి సార్" అని లేచాను.

"మీ ఇష్టం మదామ్" అన్నాడు ఆయన.

ఫైలు చంకలో పెట్టుకున్నాను. నడిచాను. మెల్లగా నడిచాను. ఆ వరండాలో మెత్తటి తివాచీ, చెప్పుల చప్పుడు కూడా వినపడదు. పోతున్నానని ఆయనకు తెలియాలి కదా అని కొంచెం దగ్గాను. మా వీధిలో అయితే ఈపాటికి పిలుపు వచ్చేది. అద్దం తలుపు దాటాను. చెప్పు పట్టీ సరిచేసుకునే నెపంతో వంగి కాసేపు ఆగాను. లోపల కంప్యూటర్ల టకటక తప్ప ఇంకేమీ లేదు. లిఫ్టు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. బటన్ నేను నొక్కలేదు, దానంతటదే వచ్చి తలుపు తెరుచుకుంది. లోపల నిలబడ్డ ఆయనెవరో నా కోసం తలుపు పట్టుకుని "కిందికేనా?" అని అడిగాడు.

"అవునండీ, కిందికే" అన్నాను. కుర్చీలోంచి లేచినప్పటి నుంచి నేను పలికిన నిజం అదొక్కటే.

మధ్యాహ్నానికి మెయిల్ వచ్చింది. మా క్లినిక్కు ప్రతినిధి స్వయంగా వచ్చి వద్దన్నందువల్ల దరఖాస్తును మూసేశామనీ, మళ్ళీ పెట్టాలంటే వచ్చే ఏడాది ప్యానెల్ తెరిచేదాకా ఆగాలనీ దాని సారాంశం. నడిచిపోతున్న మనిషిని ఆయన బేరమాడుతున్న మనిషి అనుకోలేదు. పోతున్న మనిషి అనుకున్నాడు. టీ అయితే, ఈ దేశంలో కొరియర్ ఇచ్చేవాడికి కూడా ఇస్తారని ఇన్నేళ్ళుగా తెలిసీ నాకు ఆ క్షణాన తోచలేదు.

మా మేనేజరు మెయిల్ చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నడిచి వచ్చేశావా? ఎందుకు?"

"పిలుస్తాడని."

"ఎవరు?"

నేను ఫైలు తీసుకుని లేచాను.

డాక్టరమ్మ గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. టీతో సహా, చెప్పు పట్టీతో సహా. ఆమె మొదట తెల్లబోయింది. తర్వాత పెదవి బిగించి నవ్వు ఆపుకుంది.

"అయితే నన్ను ఆ లిఫ్టు దగ్గరే వదిలేసి వచ్చేసేరన్నమాట."

"తిట్టు డాక్టరమ్మా. పడతా."

"తిట్టడానికేముందండీ. మా వైపైతే ముందు కాఫీ తాగి, వాళ్ళ పిల్లల చదువులడిగి, మా కొబ్బరికాయల రేటు చెప్పుకుని, లేచేటప్పుడు గుమ్మంలో అసలు పని చెప్తాం. మీరు గుమ్మం దగ్గర ఆగకుండా వచ్చేసేరు, అంతే." ఆమె నవ్వుతూనే ఉంది గానీ, చేయి మాత్రం బల్ల మీది స్టెతస్కోపును చుట్ట చుడుతోంది, విప్పుతోంది. "ప్రొబేషన్ ఇంకా ఉంది కదండీ. ఉన్నన్నాళ్ళూ చూస్తాను. వచ్చినోళ్ళని చూడ్డం ఆపను కదా."

ఆ వారంలోనే దజీజ్‌లో ప్యాకింగ్ పనిచేసే ఆమె వచ్చింది. రాయచోటి దగ్గరి మనిషి. ఇంతకు ముందు మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో పని చేసి, ఇప్పుడు గోడౌన్‌కు మారింది. చేతిలో పెద్ద కంపెనీ కార్డు. కార్డు చూడటానికి నేను కౌంటర్ దగ్గరికి వస్తే గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, ఆడ డాక్టరు ఉండాదంట గదా?"

"ఉంది. కానీ ఈ కార్డు మీద ఆ పెద్దాయన దగ్గరికే పోవాల."

ఆమె ముఖం ముడుచుకుంది. "ఆడోళ్ళ బాధ అక్కా ఇది. నెల నుంచి తగ్గలా. ఆయప్పకు ఎట్ట సెప్పేది? పొయ్యొస్తాలే."

నిజంగానే వెనక్కి తిరిగింది. ఈమె నాలాగా మెల్లగా నడవలేదు. గబగబా పోతోంది. బేరానికి నడిచే నడకకూ, బాధతో నడిచే నడకకూ తేడా ఇట్టే తెలిసిపోయింది.

"రామ్మా, రా, యాడికి పోతావు?" అని అరిచాను. ఎవరో నా నోటితో అరిచినట్టే అనిపించింది.

ఆ అరుపు విని డాక్టరమ్మ తలుపు తీసింది. సంగతి ఒక్క చూపులో గ్రహించింది. "ముందు లోపలికి రండమ్మా. కార్డు సంగతి తర్వాత చూసుకుందాం" అని చేయి పట్టుకుని తీసుకుపోయింది. ఫీజు వద్దంది. మేనేజరు తల గోక్కున్నాడు గానీ అడ్డం చెప్పలేదు.

చాలాసేపటికి బయటికి వచ్చిన ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. ముఖం మాత్రం తేటగా ఉంది. "భయపడేదేం లేదంటక్కా. మందు రాసిచ్చింది. మా గదిలో ఇంకా నలుగురుండారు, ఇట్లనే నోరు మూసుకోని. అందరివీ ఈ కార్డులే. ఈయమ్మను ఎందుకు ఒప్పుకోరంట వాళ్ళు?"

"మీ ఏరియాలో డాక్టర్లు సాలంటున్నారు."

"ఎవురన్నారు? మమ్మల్నడిగినారా? ఎవుర్ని అడగాలో సెప్పు, నేనడుగుతా."

నేను ఆమె చేతిలోని కార్డు వైపు చూశాను. వెనకవైపు సహాయం కోసం ఫోన్ చేయమని నంబరు ఉంది. రోజూ ఎన్ని కార్డులు తిప్పి చూస్తానో! ఆ నంబరు నాకు అప్పుడే కనపడినట్టయింది.

మా చిన్నప్పుడు ఒక ప్రెషర్ కుక్కర్ కంపెనీ ఏజెంటు మా అంగడికి సరుకు ఇవ్వనన్నాడు. మీ వీధిలో ఇప్పటికే ఒక అంగడికి ఇచ్చాం, చాలు అన్నాడు. నాయన రెండుసార్లు పోయి ఉత్తచేతులతో తిరిగి వచ్చాడు. జేజి మాత్రం కదలలేదు. ఆ కుక్కరు అడిగిన ప్రతి ఆడమనిషికీ ఏజెంటు నంబరు ఇచ్చి, "మా కాడ ల్యాదమ్మా, ఎప్పుడు ఇస్తాడో ఆయన్నే అడుగు" అని పంపేది. కొన్నాళ్ళకు ఏజెంటు బండి దానంతటదే వచ్చి మా మెట్ల ముందు ఆగింది. కాళ్ళతో అడగడం అనేది మన కాళ్ళతోనే అక్కర్లేదని ఆ ముసలామెకు తెలుసు. నాకు సగం పాఠమే గుర్తుంది.

రాయచోటి ఆమెకు కార్డు వెనక నంబరు చూపించాను. "ఇక్కడికి ఫోన్ చెయ్. హిందీవాళ్ళు ఉంటారు. ఫర్వానియా, దజీజ్ దగ్గర ఆడ ఫ్యామిలీ డాక్టరు మీ ప్యానెల్లో ఉందా అని అడుగు. అబద్ధం ఒక్కటి కూడా వద్దు. అవసరం లేనోళ్ళతో చేపియ్యద్దు."

"అవసరం ల్యానోళ్ళు ఎవురుండారక్కా" అంది.

తర్వాత ఆ ఫోన్ల కథ ఆమె చెబుతుంటే మా రిసెప్షన్ మొత్తం పడీపడీ నవ్వింది. "అదేదో ఒకటి నొక్కమంటాది, రెండు నొక్కమంటాది. నొక్కి నొక్కి యేలు నొప్పి. ఆకర్న ఒగాయన వచ్చినాడు. లేడీ డాక్టర్ హోనా, దజీజ్ కే పాస్ హోనా అన్న్యా. మరద్ డాక్టర్ హై అన్న్యాడు. ఏమయ్యా, నీ పెండ్లాన్ని మగ డాక్టర్ కాడికి పంపిస్తావా అన్న్యా. ఖలాస్, నోరు మూసుకున్న్యాడు."

"అట్ట అన్నావా?"

"హిందీలో అన్న్యాలే. ఎంతవరకు అర్తమయిందో."

ఆమె గదిలో వాళ్ళు చేశారు. పక్క గదుల్లో వాళ్ళు చేశారు. డాక్టరమ్మ ఉచితంగా చూసిందన్న సంగతి గోడౌన్లలో పాకింది. డాక్టరమ్మ వాళ్ళ నోళ్ళు తెరిపించింది, నేను నంబరు చూపించాను. గోడౌన్ ఆఫీసులో వీళ్ళంతా 'ఆఫీసు మామా' అని పిలిచే ఒక హెచ్చార్ మేడమ్ ఉంది. ఇళ్ళలో పనిచేసేటప్పుడు యజమానురాలిని అమ్మ అనే అర్థంలో 'మామా' అని పిలిచిన అలవాటు, పై అధికారి ఆడదైతే చాలు, మామా అనేస్తారు. వీళ్ళు పోయి ఆమెనూ అడిగారు. ఆ గోడౌన్ కంపెనీ ఇన్సూరెన్స్ పాలసీ రెన్యువల్ దగ్గర పడుతోంది, నచ్చకపోతే వేరే ఇన్సూరెన్స్‌కు మారిపోవచ్చు. ఆఫీసు మామా పెద్ద కంపెనీని ఒకే ఒక్క ప్రశ్న అడిగిందట. మా ఆడవాళ్ళను చూడటానికి దగ్గర్లో ఆడ డాక్టరు ఎవరున్నారు?

ఇటు ప్రొబేషన్ చివరికొచ్చింది. మేనేజరు కొత్త డాక్టరు కోసం ప్రకటన రాసి పెట్టుకున్నాడు. పంపలేదు. కంప్యూటర్‌లో తెరిచి ఉంచి, నేను గదిలోకి పోయినప్పుడల్లా స్క్రీను పక్కకు తిప్పేవాడు. డాక్టరమ్మ గది అల్మారా ఖాళీ చేయడం మొదలుపెట్టింది. ఆ చీరముక్క బల్ల మీదికి వచ్చింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ తివాచీ వరండా గుర్తొచ్చేది.

నా బల్ల మీది ఫోన్ మోగినప్పుడు నేను దిబ్బరొట్టె తింటున్నాను. నోట్లో ముద్దతోనే "హలో" అన్నాను.

"మదామ్, ఆ ఫ్యామిలీ మెడిసిన్ డాక్టరు... ఇంకా మీ దగ్గరే ఉన్నారా?"

ఈజిప్టు ఆయన గొంతు. నేను రొట్టె మింగాను. మంచినీళ్ళు తాగాను. ఆయన అవతల ఆగాడు. ఆగినవాడికి అవసరం ఉన్నట్టు. ఈసారి ఆ లెక్క తప్పలేదు.

"ఉన్నారు సార్. వేరే వాళ్ళు కూడా అడుగుతున్నారు." అది నిజమే. ఆ రెండు చిన్న కంపెనీలూ ఆమె గది శుక్రవారాలు కూడా తెరుస్తారా అని అడిగాయి.

"ఒకసారి రాగలరా?"

వెళ్ళాను. అదే గది, అదే ఖర్జూరాల పెట్టె. మళ్ళీ టీ వచ్చింది. ఈసారి టీని టీలాగే చూశాను.

"కొత్త దరఖాస్తు పెట్టండి, తొందరగా చూస్తాను" అన్నాడు.

"కొత్తది ఎందుకు సార్? పాతదాన్నే తెరవండి. పాత వరసలోనే."

"మీరే వెనక్కి తీసుకున్నారు కదా. లేచి వెళ్ళిపోయారు."

"వెళ్ళిపోలేదు సార్. లిఫ్టు దగ్గర నిలబడి ఉన్నాను. మీరు పిలుస్తారని."

ఆయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, కడుపు పట్టుకుని నవ్వాడు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "మా నాన్నది కైరోలో బట్టల దుకాణం మదామ్. అక్కడైతే వీధి చివరిదాకా పరిగెత్తుకుంటూ వచ్చి పిలిచేవాణ్ణి. ఇక్కడ టై కట్టుకున్నాను."

అంగడి బిడ్డ అంగడి బిడ్డను గుర్తుపట్టడానికి మాకు రెండు టీలు పట్టింది.

ఆ తర్వాత అసలు బేరం మొదలైంది. ఇద్దరం కుర్చీలు ముందుకు జరుపుకున్నాం. పాత ఫైలు పాత తేదీతోనే తెరవాలన్నాను. అది పై నుంచి అనుమతి కావాలన్నాడు. తెచ్చుకోండి, ఆగుతా అన్నాను. మా పెద్దాయన పేరు కదిలించకూడదన్నాను. ఒప్పుకున్నాడు. ఈమెను జనరల్ గడిలో కాదు, ఫ్యామిలీ డాక్టరు అనే గడి పెట్టి అందులో వేయాలన్నాను. అక్కడ మొండికేశాడు. "ఆ గడి లేదు మదామ్!" "మీకు ఫోన్ చేసినవాళ్ళు ఏ డాక్టరు కావాలని అడిగారు సార్?" ఆయన పెన్ను బల్ల మీద తట్టాడు. ఎవరికో ఫోన్ చేసి అరబ్బీలో చాలాసేపు మాట్లాడాడు. నాకు అర్థమైన మాటలు రెండే: 'యల్లా', అంటే కానీయ్; 'ఖలాస్', అంటే అయిపోయింది. అవి చాలు. మా అంగడి వీధిలో అయినా చివర్న వినాల్సిన మాటలు అవే.

లేచేటప్పుడు గుమ్మంలో ఆగాను. కోనసీమ పద్ధతి. "ఇంకొక్క మాట సార్. శుక్రవారం సాయంత్రాలు కూడా ఆమె చూస్తుంది. గోడౌన్ ఆడవాళ్ళకు సెలవు అప్పుడే. అది కూడా రాసుకోండి."

"మదామ్," అన్నాడు ఆయన రెండు చేతులూ ఎత్తి, "దయచేసి లిఫ్టు ఎక్కండి."

ఈసారి బటన్ నేనే నొక్కాను.

ప్రొబేషన్ ముగిసే ముందురోజు పొద్దున మెయిల్ వచ్చింది. మేనేజరు రెండుసార్లు చదివాడు. తన కంప్యూటర్‌లో తెరిచి ఉంచిన ప్రకటనను నా ఎదురుగానే చెరిపేశాడు. మెచ్చుకుంటాడేమోనని చూశాను. "నీ కుర్చీ పాతదైపోయింది. కొత్తది తెప్పిస్తా" అన్నాడు. ఆయన భాషలో అది పూలదండ.

డాక్టరమ్మకు చెప్పాను. ఆ చీరముక్కను నాలుగు మడతలు వేసి అల్మారాలో అడుగున పెట్టింది. ఆ తర్వాత నా వైపు తిరిగి "ఏవండీ, ఈ పెద్ద కార్డు మీద నాకు బోణీ అవుద్దంటారా?" అని అడిగింది.

"అవుతాది. కానీ మా వీధి పద్ధతి ఒకటుంది. బోణీకి మొదట చేతికొచ్చిందాన్ని కళ్ళకద్దుకోవాల. మర్చిపోవద్దు."

ఆ శుక్రవారం సాయంత్రం మా వెయిటింగ్ గదిలో కుర్చీలు చాలలేదు. దజీజ్ నుంచి రెండు టాక్సీల నిండా వచ్చారు. అందరికంటే ముందు రాయచోటి ఆమె. మందు పనిచేసిందని చెప్పడానికి వచ్చిందట, దాంతోపాటు మళ్ళీ చూపించుకోవడానికి కూడా. నేను కార్డు మిషన్‌లో పెట్టాను. డాక్టరమ్మ పేరు, పక్కన ఫ్యామిలీ డాక్టరు అన్న మాట, కింద ఆమోదం అన్న పచ్చ గీత. కార్డు తీసుకుని, ఆమెను వెంటబెట్టుకుని నేనే లోపలికి పోయి డాక్టరమ్మ చేతికిచ్చాను.

డాక్టరమ్మ ఆ కార్డును రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా కళ్ళకద్దుకుంది.

ఎదురుగా కూర్చున్న రాయచోటి ఆమె అది చూసి లేచి నిలబడింది. ముఖంలో రంగు పోయింది.

"అక్కా," అని నన్ను పిలిచింది, "డాక్టరమ్మ నా కార్డుకు దండం పెడ్తాందేందక్కా? నాకేమన్నా పెద్ద రోగమా?"